బురాన్‌లో మూడు కోరికలు

"రౌషన్ మనల్ని అమ్మేసింది."

కర్నల్ సపర్‌గాలీ ఆ మాట అని, కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. ఉదయం తొమ్మిది గంటలు. కజకిస్తాన్ రాజధాని అస్తానాలో ఆ గూఢచారి శాఖ ఆఫీసు కిటికీ అవతల ఆకాశం తోమిన పళ్లెంలా మెరుస్తోంది.

ఏజెంట్ కువానిష్ వెంటనే నమ్మలేకపోయాడు. ఐదేళ్లుగా రౌషన్ అతనితో కలిసి పనిచేసింది. నల్లనక్క బొచ్చుటోపీ, ఎర్ర చేతితొడుగులు, నాలుగు భాషలు, మూడో మాటకే ఎదుటివాణ్ని పడగొట్టే నవ్వు. విదేశీ ముఠాలోకి ఆమె మన మనిషిగా దూరిందని అందరూ అనుకుంటున్నారు. తీరా చూస్తే మనలోకి దూరిన వాళ్ల మనిషి ఆమె.

"ఏం పట్టుకెళ్లింది సార్?"

"మైక్రోచిప్. గోరంత. సరిహద్దు అవతల మారుపేర్లతో ఉన్న మన తొమ్మిదిమంది వివరాలు అందులో ఉన్నాయి." కర్నల్ గొంతు తగ్గించాడు. "ఏడో పేరు మీ తమ్ముడిది."

దార్మెన్! వాడు చమురు బావుల దగ్గర వెల్డింగ్ పని చేస్తున్నాడని ఇంట్లో అమ్మ అనుకుంటోంది. ప్రతి శుక్రవారం వాడి పేరు చెప్పి నూనెలో రొట్టెలు వేయించి వీధంతా పంచుతుంది.

"ప్లాన్ ఇదీ," అన్నాడు కర్నల్, మ్యాప్ పరుస్తూ. "పదిహేడో నంబరు హాల్టు. స్టెప్పీ మైదానం మధ్యలో ఒంటిగది. సాయంత్రం ఐదూ నలభైకి గూడ్సు బండి అక్కడ ఒక్క నిమిషం ఆగుతుంది. హాల్టు కాపలావాడు ముఠా మనిషి. రౌషన్ వాణ్ని ఎప్పుడూ చూడలేదు. తలుపు కొట్టి 'ఈ ఏడు మంచు తక్కువే' అంటుంది. వాడు 'అయితే పొయ్యి ఆర్పేద్దాం' అనాలి. చిప్ చేతులు మారి బండెక్కిందా, తెల్లారేసరికి మన తొమ్మిదిమందీ ఉండరు."

"హెలికాప్టర్ ఇప్పించండి. గంటలో అక్కడుంటా."

"ఎగరదు. సాయంత్రం పెద్ద బురాన్ వస్తుందని హెచ్చరిక. మంచుతుఫాను. మూడు రోజులట."

కువానిష్ కిటికీ వైపు వేలు చూపించాడు. "సార్, ఆకాశంలో గొర్రెపిల్లంత మబ్బు కూడా లేదు!"

"నాకూ కళ్లున్నాయయ్యా. రూల్స్‌కే లేవు."

వెళ్లేముందు టెక్నికల్ సెక్షన్ వాళ్లు అతని మణికట్టుకి ఒక వాచీ తొడిగారు. లోపల శాటిలైట్ ఫోను ఉందనీ, మైనస్ యాభైలో కూడా పనిచేస్తుందనీ చెప్పారు.

కువానిష్ అంటే కజక్ భాషలో సంతోషం. ఆ పేరు పెట్టిన తాత ఆ రోజు అతని మొహం చూసి ఉంటే పేరు వెనక్కి తీసుకునేవాడు. విమానాశ్రయంలో బోర్డు నిండా రద్దు, రద్దు, రద్దు. కౌంటర్లో అమ్మాయి జామ్ పూసిన రొట్టె తింటూ తల అడ్డంగా ఊపింది.

"తుఫాను ఎక్కడమ్మా? చూపించు!" అని అరిచాడు.

"వచ్చాక చూపిస్తాలెండి, తొందరెందుకు?" అంది ఆ అమ్మాయి.

రైల్వే స్టేషన్లోనూ అదే వరస. మనుషులెక్కే బళ్లన్నీ రద్దు. బొగ్గు, గోధుమలు మోసే గూడ్సులు మాత్రం నడుస్తాయట. గోధుమగింజకున్న విలువ మనిషికి లేకుండా పోయింది. అక్కడా గొంతు చించుకున్నాడు. చివరికి పదకొండు దాటాక జీపెక్కాడు. రెండు గంటలు గంగలో కలిసినట్టే.

మూడూ పదికి రోడ్డుకి అడ్డంగా చెక్‌పోస్టు గేటు. ఎండ ధగధగలాడుతోంది. గాలి లేదు. గేటు మాత్రం వేసి ఉంది.

"రోడ్డు మూసేశాం అన్నా," అన్నాడు కానిస్టేబుల్ నూర్తాయ్. కనురెప్పలకి మంచు పట్టిన బొద్దు మనిషి. "బురాన్."

కువానిష్ ఐడీ కార్డు మొహంమీద పెట్టాడు. "స్టేట్ సెక్యూరిటీ. గేటెత్తు."

"సెక్యూరిటీ అయినా గడ్డకడితే ఒకేలా ఉంటుందన్నా. పోయినేడు ఇక్కడే ముగ్గుర్ని పారలతో తవ్వి తీశాం. నా చేతుల్తో తీశాను." నూర్తాయ్ గొంతులో వెటకారం లేదు. "రెండింటికి ఒక అక్క కూడా ఇలాగే పోట్లాడింది. నల్లటోపీ. నేను వదల్లేదు."

"ఎక్కడుంది ఆవిడ?"

"అదిగో, ఆ ఎసిర్కెప్ తాత ఇంట్లోకెళ్లింది. మంచుమీద జారే గుర్రంబండి కట్టించుకుని స్టెప్పీకి అడ్డంపడి పోయింది. రోడ్డు మూయమన్నారు గానీ, స్టెప్పీకి గేటెక్కడ పెట్టనూ?"

రోడ్డుకి కూతవేటు దూరంలో మట్టి ఇల్లు, పక్కన పశువుల కొట్టం. గడపలో నిలబడి ఉన్నాడు ఎసిర్కెప్ ముసలాయన. కువానిష్ సలాం చెప్పీ చెప్పకముందే విషయంలోకి దూకాడు.

"తాతా, ఆ ఆడమనిషికి గుర్రం ఎందుకిచ్చావ్?"

"ఇవ్వక చస్తానా నాయనా? వాళ్లమ్మ మా కెరెయ్ తెగ ఆడపడుచు. ఏడు తరాల పేర్లు గుక్కతిప్పుకోకుండా చెప్పింది. ఆడపడుచు బిడ్డ మేనమామల గడప తొక్కి ఏదడిగినా మూడు కోరికలదాకా కాదనకూడదు. మొదటిసారి గుర్రంబండి అడిగింది. బురాన్ వస్తోంది ఆగవే అన్నాను. వినలేదు."

"నాకూ ఒకటి ఇవ్వు. నా తమ్ముడి ప్రాణం తాతా!"

"మీ మేనమామలెవరు?"

"కిప్చాక్ తెగవాళ్లు."

"మరి కిప్చాక్‌ల దగ్గరికి పో," అని నవ్వబోయిన ముసలాయన అతని మొహం చూసి ఆపుకున్నాడు. "లేదురా అబ్బాయ్. వరస కలిసినా ఇచ్చేవాణ్ని కాదేమో. అయినా బండికి అలవాటైన గుర్రం అదొక్కటే. నాలుగింటికల్లా గాలి మొదలవుతుంది. పొద్దుట్నుంచీ గొర్రెలు గోడ వదలట్లేదు. లోపలికొచ్చి టీ తాగు."

టీ! కువానిష్ ఒళ్లు మండిపోయింది. పరుగున జీపెక్కి, గేటు పక్కనుంచి మంచులోకి పోనిచ్చాడు. మూడు వందల మీటర్లు కూడా పోలేదు. చదునుగా కనిపించిన మంచు కింద కాలవ ఉంది. జీపు ముక్కు దిగబడి తోక పైకి లేచింది. నూర్తాయ్ ట్రాక్టరు తెచ్చి లాగుతూ, ఇంట్లో పెళ్లాం కూడా తిట్టనన్ని తిట్లు తిట్టాడు. కువానిష్ బాకీ ఉంచుకోలేదు. అప్పటికే అతని గొంతు సగం పోయింది.

వాచీలో కర్నల్ దొరికాడు. "గూడ్సు బండి ఆపించండి సార్!"

"అది సీలేసిన బండయ్యా. ఆపాలంటే మంత్రిత్వశాఖ సంతకం కావాలి."

"పెట్టించండి!"

"సంతకం పెట్టేవాళ్లు బురాన్ వస్తోందని మధ్యాహ్నమే ఇళ్లకెళ్లిపోయారు. డ్రైవర్ని పంపి వెతికిస్తున్నా..."

వాచీ కీచుమని చచ్చిపోయింది. మైనస్ యాభైకి తట్టుకుంటుందన్న వాచీ మైనస్ ఇరవయ్యారుకే చేతులెత్తేసింది. దాన్ని విప్పి మంచులోకి విసరబోయి, ప్రభుత్వ సొమ్మని గుర్తొచ్చి జేబులో కుక్కుకున్నాడు.

సరిగ్గా నాలుగింటికి ఆకాశం, నేలా ఒకటైపోయాయి. కొట్టం కనపడలేదు, గేటు కనపడలేదు, చాచిన చెయ్యి కనపడలేదు. నూర్తాయ్ అతన్ని కాలరు పట్టుకుని ముసలాయన ఇంట్లోకి తోసి, గేటుదాకా కట్టి ఉంచిన తాడు పట్టుకుని తన గదికి పోయాడు.

ముసలాయన భార్య బల్‌జాన్ టీ కాచే సమోవార్ ముందు కూర్చుని ఉంది. కప్పులో సగానికి పాలటీ పోసి, నూనెలో వేయించిన వేడి బౌర్సాక్ రొట్టెల పళ్లెం ముందుకు తోసింది.

"తిను నాయనా. రొట్టె తాకకుండా ఉండకూడదు."

అతను కప్పు ఒక్క గుక్కలో ఖాళీ చేశాడు. మళ్లీ సగమే పోసింది. మళ్లీ ఖాళీ చేశాడు. మళ్లీ సగం.

"నిండా పొయ్యమ్మా!" అని కసిరాడు.

"అయ్యో! కప్పు నిండా పోస్తే పొమ్మన్నట్టే కదరా. ఇంత తుఫానులో నిన్ను పొమ్మంటానా? నాకేం పొయ్యేకాలం?"

నాలుగున్నర. ఐదు. గోడమీద గడియారం చప్పుడు అతని నెత్తిమీద సుత్తి దెబ్బలా ఉంది. చిన్నప్పుడు దార్మెన్ చీకటికి భయపడి అతని చొక్కా అంచు పట్టుకుని పడుకునేవాడు. ఈ ఉద్యోగంలో వాణ్ని చేర్పించింది తనే. ఎన్ని భాషలొచ్చి ఏం లాభం, ఎన్ని తుపాకులుండి ఏం లాభం! తమ్ముడు చావబోతుంటే తను పీటమీద కూర్చుని ఆరో కప్పు టీ తాగుతున్నాడు. కోపం తన్నుకొచ్చింది. తుఫానుని తిట్టాడు, రూల్స్‌ని తిట్టాడు, రౌషన్‌ని తిట్టాడు. తిట్టి తిట్టి గొంతు పూర్తిగా పూడుకుపోయి కప్ప బెకబెకలాగా తయారైంది.

ఎసిర్కెప్ బకెట్లో బార్లీ పోసుకుని, కొట్టానికి పోయే లోపలి తలుపు తీశాడు.

"గుర్రం లేని కొట్టంలో ఎవరికి తాతా అది?" అన్నాడు కువానిష్ బొంగురుగా.

"మేత వేళయింది కదా."

మతిపోయింది ముసలాడికి అనుకున్నాడు కువానిష్. అతన్ని పట్టించుకునే ఓపిక కూడా లేకపోయింది.

ఐదూ ముప్పై ఐదు. తలుపు మీద దబదబా దెబ్బలు పడ్డాయి. తుఫానులో తలుపు కొడితే ఎవరని అడగరు. బల్‌జాన్ అప్పటికే లేచింది. అప్పుడు బయటినుంచి గాలిని చీల్చుకుంటూ ఒక ఆడగొంతు వినిపించింది.

"ఈ ఏడు మంచు తక్కువే!"

"దీని మొహం ఈడ్చా, తక్కువట!" అంది బల్‌జాన్.

కువానిష్ చేతిలో కప్పు జారి పడింది. ఒక్క అంగలో ముసలమ్మని దాటి దీపం వత్తి తగ్గించాడు. తలుపు గడియ తీశాడు. లోపలి వెచ్చదనం తెల్లటి ఆవిరై బయటికి పొంగింది. ఆ ఆవిరి వెనక మంచుబొమ్మలా ఒక మనిషి. కనురెప్పలు రెండూ గడ్డకట్టి అతుక్కుపోయాయి.

"అయితే పొయ్యి ఆర్పేద్దాం," అన్నాడు కువానిష్. ఐదేళ్లు పక్కన కూర్చుని విన్న గొంతే అయినా ఆ బెకబెకలో ఆమె ఆనవాలు పట్టలేకపోయింది.

"బండొచ్చిందా?"

"ఐదు నిమిషాలు. చిప్ ఇటివ్వు."

"ముందు లోపలికి రానివ్వవయ్యా. గడపమీద ఇచ్చిపుచ్చుకోకూడదు."

దేశాన్ని అమ్మేసిన మనిషి గడపకి మాత్రం మర్యాద ఇచ్చింది. లోపల అడుగుపెట్టి, పళ్లతో ఎర్ర తొడుగు లాగి, బొచ్చుటోపీ అంచులోంచి చిప్ తీసి అతని అరచేతిలో పెట్టింది. మరుక్షణం ఆమె చేతికి సంకెల పడింది. క్లిక్! రెండో చెయ్యి పిస్టలు కోసం కోటులోకి పోయింది. వేళ్లు కొయ్యలైపోయి పట్టు చిక్కలేదు. పిస్టలు కిందపడితే కువానిష్ కాలితో పొయ్యి పక్కకి తన్ని, ఆ రెండో చేతికీ సంకెల బిగించాడు.

రెప్పల మంచు కరిగి రౌషన్ కళ్లు తెరిచింది. ముందు సమోవార్ కనిపించింది. తర్వాత బౌర్సాక్‌ల పళ్లెం. మధ్యాహ్నం తను తిన్న పళ్లెమే.

"ఇది... హాల్టు కాదా?"

లోపలి తలుపు అవతల కొట్టంలో గుర్రం బార్లీ నములుతున్న చప్పుడు వినిపించింది. బండి విప్పి దాన్ని లోపలికి తోలుకొచ్చిన ఎసిర్కెప్ మీసాల మంచు దులుపుకుంటూ వచ్చాడు.

"గాలి మొదలయ్యాక ఏం చేశావే తల్లీ?" అని అడిగాడు.

"పగ్గాలు వదిలేశాను మామా." ఆమె గొంతులో ఏడుపు, కోపం కలిసిపోయి ఉన్నాయి. "బురాన్‌లో దారి తప్పితే పగ్గాలు వదిలెయ్, గుర్రం మనుషుల దగ్గరికి చేరుస్తుందని మా తాత చెప్పేవాడు."

"నిజమే చెప్పాడు. కానీ మీ తాత ఎక్కింది మీ తాత గుర్రం. నువ్వెక్కింది నాది. దీని ఇల్లు ఇదే మరి."

కువానిష్ గోడకి ఆనుకుని కూలబడ్డాడు. అరచేతిలో గోరంత చిప్. తొమ్మిది ప్రాణాలు. ఏడోది దార్మెన్‌ది. కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు. పొద్దుట్నుంచీ ఎగిరి, దూకి, అరిచి తను సాధించింది గుండుసున్నా. ముసలాయన బకెట్టెడు బార్లీ పోసి పని ముగించాడు.

"ముందే చెప్పొచ్చుగా తాతా! ప్రాణం తీశావు!"

"నువ్వు విన్నావా? వచ్చినప్పట్నుంచీ అరుస్తూనే ఉన్నావు."

జేబులో వెచ్చబడ్డ వాచీ హఠాత్తుగా కీచుమంది. కర్నల్ గొంతు ఉత్సాహంగా వినిపించింది. "కువానిష్! సంతకం దొరికింది! బండి ఆపించమంటావా?"

"ఎందుకు సార్, పోనివ్వండి," అన్నాడు కప్పగొంతుతో. "పాపం గోధుమలు."

బల్‌జాన్ నేలమీది కప్పు తీసి కడిగి, రౌషన్‌కి కూడా సగం టీ పోసింది. సంకెళ్ల చేతులతోనే తాగి, ఒంట్లోకి వేడి ఎక్కాక రౌషన్ తల పైకెత్తింది. ఆ పాత నవ్వు మెల్లగా మొహంలోకి వచ్చింది.

"మామా, నాకింకా రెండు కోరికలు మిగిలాయి. ఈ సంకెళ్లు తీయించు."

కువానిష్ ఉలిక్కిపడ్డాడు. ముసలాయన గడ్డం నిమురుకున్నాడు.

"అవి నావి కావే తల్లీ. పరాయి సొమ్ము నేనెలా ఇస్తాను? నాది ఏదైనా అడుగు, కాదంటే అప్పుడు తిట్టు."

రౌషన్ తలుపు వైపు చూసింది. గాలి గోడల్ని గుద్దుతోంది. "అయితే మళ్లీ గుర్రంబండి ఇవ్వు. ఇప్పుడే."

ఎసిర్కెప్ ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు.

"నిక్షేపంలా తీసుకెళ్లు తల్లీ," అన్నాడు, మరో బకెట్లో బార్లీ పోస్తూ. "భోజనాల వేళకి వచ్చేస్తావు."