సౌండ్ పెంచిన సాయంత్రం

పై వాటాలో అతను డ్రమ్స్ వాయిస్తుంటే కింది వాటాలో గిన్నెలు గలగలమనేవి. మొదటిరోజే ఆమె విసవిసా మెట్లెక్కి వచ్చింది.

"ఇల్లు పీకి పందిరేస్తున్నారేంటండీ?"

"మీరు పెట్టుకునేవి మాత్రం పాటలా? దోమ కూడా అంతకంటే గట్టిగా పాడుతుంది."

అతను బ్యాండ్‌లో డ్రమ్మర్. ఆమె క్లినిక్‌లో చెవి పరీక్షలు చేసే టెక్నీషియన్. సౌండ్ తగ్గించుకోమని ఊరందరికీ చెప్పే పిల్ల, పోయిపోయి ఆ డ్రమ్ముల దొరనే ప్రేమించింది. కారులో అతను వాల్యూమ్ పెంచేవాడు, ఆమె తగ్గించేది. ఆ తగువులోనే ముద్దూ మురిపెమూ అన్నీ ఉండేవి.

పెళ్ళి మాటలు మొదలయ్యాక ఒకరోజు ఆమె అతనికి ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చి, రెండోది తను పెట్టుకుంది. వాళ్ళ నాన్న పోయేముందు వాయిస్తే ఆమె ఫోన్‌లో రికార్డు చేసుకున్న వయొలిన్ అది. తట్టుకోలేదని అమ్మకి కూడా వినిపించలేదు.

పాట అయిపోయింది. అతను మాత్రం తల ఊపుతూనే ఉన్నాడు.

"మా నాన్న నీకు వేళాకోళమా?" ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది. రేపే అమ్మతో చెప్తా, ఈ పెళ్ళి వద్దని."

మర్నాడు ఆమె క్లినిక్‌లో గోడవైపు తిరిగి హెడ్‌ఫోన్స్ తుడుస్తుంటే వెనక అతని అడుగుల చప్పుడైంది.

"ఎందుకొచ్చావు?" అంది తిరగకుండానే. జవాబు లేదు. మళ్ళీ అడిగింది. లేదు. తిరిగి చూస్తే గుమ్మంలో నిలబడి, "లోపలికి రానా?" అన్నాడు.

ఆమె తుడుస్తున్న హెడ్‌ఫోన్స్ పక్కన పెట్టేసింది. పరీక్ష గదిలోకి తీసుకెళ్ళి కుర్చీ చూపించింది.

"కూర్చో. శబ్దం వినబడితే బటన్ నొక్కు."

అతను ఒక్కటీ తప్పకుండా నొక్కాడు. అంత సరిగ్గా ఎవరూ నొక్కరు. అతని చూపు అద్దం ఇవతల తన చేతివేళ్ళ మీదే ఉందని ఆమె గమనించింది. వెళ్ళి కుర్చీని గోడవైపు తిప్పింది.

సన్నటి శబ్దాలు పెంచుకుంటూ పోయింది. బటన్ నొక్కితే వెలగాల్సిన లైటు వెలగలేదు.

"ఎప్పట్నించి?" కుర్చీని మళ్ళీ తనవైపు తిప్పుకుని, అతని ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని అడిగింది.

"ఏడాదయ్యుంటుంది. పెదాలు చూసి నెట్టుకొస్తున్నా. చెవుడని తెలిస్తే బ్యాండ్‌లో ఉంచరు. నువ్వు మాత్రం ఉంచుకుంటావా అని..."

"మరి నిన్న తలెందుకు ఊపావు?"

"నాకేం వినపళ్ళేదు. నీ మొహం చూసి ఊపాను. నువ్వు కళ్ళు మూసుకుంటే పాట నడుస్తోందనుకున్నా. అయిపోయాక కూడా నువ్వు కళ్ళు తెరవలేదుగా!"

ఆమె బావురుమంది. రోజంతా ఊళ్ళోవాళ్ళ చెవులు చూస్తూ, పక్కనున్న మనిషి చెవుడుని పొగరనుకుంది. పోయిన వినికిడి తిరిగి రాదని రోజూ ఎవరో ఒకరికి చెప్పే మాట, అతనికి చెప్పడానికి నోరు రాలేదు.

ఆ సాయంత్రం పై వాటాలో బ్యాండ్ స్పీకర్లకి తన ఫోన్ కలిపి, జీవితంలో మొదటిసారి వాల్యూమ్ చివరిదాకా తిప్పింది. నాన్న వయొలిన్‌కి కిటికీ అద్దాలు అదిరాయి. అతను స్పీకర్‌కి చెంప ఆనించాడు.

"ఏంటే ఆ గోల?" అంటూ మెట్లెక్కి వచ్చిన అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. కూతురు కంగారుగా తగ్గించబోయింది.

"ఉండనీవే" అంది అమ్మ గడప మీద కూలబడి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "అల్లుడుగారు వింటున్నారు."