ఎదుటి ఒడ్డు పేరు

భాష దగ్గర పేచీపడ్డవారు ఒకే కప్పు కింద ఇమడలేరని కాసరగోడు ప్రాంతంలో చాలామందికి గట్టి నమ్మకం. దానికి ఆధారమేమిటని అడిగినవారు తక్కువ.

సనూప్ మలయాళీ. మేఘశ్రీ రై తుళు ఇంటి పిల్ల. ఊళ్లూ దారులూ ఎవరైనా చేర్చగల ఇంటర్నెట్ పటానికి ఇద్దరూ స్వచ్ఛందంగా పనిచేసేవారు. అందులో ఒక పడవరేవును సూచించే చుక్కకు అతడు ‘అంబలక్కడవు’, అంటే గుడి రేవు, అని రాస్తే, ఆమె కొట్టేసి ‘బైలుకడవు’, అంటే పొలం రేవు, అని పెట్టేది. విసిగిన తోటి సభ్యులు తీర్పు చెప్పారు: ఇద్దరూ వెళ్లి అక్కడివారినే అడగాలి; ఓడినవారు ఈ తాలూకా పటం జోలికి రాకూడదు.

దక్షిణపు ఒడ్డున, వానలో, ఇద్దరూ మొదటిసారి ఎదురుపడ్డారు.

“మా పేరు చెరిపే మహానుభావులు మీరేనా?” అంటూ మేఘశ్రీ గొడుగు దులిపింది. నీళ్లన్నీ అతని మీదే పడ్డాయి.

“అర్ధరాత్రి కూడా చెరుపుతారు. మీరు నిద్రపోరా?”

“మీరు పోనిస్తే కదా!”

ఆమె నవ్వింది. సనూప్‌కు గుబులు పుట్టింది. గెలిస్తే ఆమె వెళ్లిపోతుంది, ఓడితే తాను. రెండూ అతనికి నచ్చలేదు.

పడవ కోసం చేపలబుట్టతో నిల్చున్నామెను మలయాళంలో అక్కా అని పిలిచి అడిగాడు. “ఇదేం రేవు చేచీ?”

“అంబలక్కడవు. ఏం మోనే,” అంది కొడుకును పిలిచినట్టు, “పెళ్లికూతురికి ఊరు చూపిస్తున్నావా?”

“కాదు, పోట్లాటకొచ్చాం,” అంది మేఘశ్రీ.

“మా ఆయనతో నాదీ అట్లాగే మొదలైందిలే.”

సనూప్ గెలిచినట్టే. అయినా, “ఒక్క సాక్షితో తీర్పేమిటి? ఆ ఒడ్డునా అడుగుదాం,” అన్నాడు.

“గెలిచాక కూడానా?” అని వింతగా చూసి మేఘశ్రీ పడవెక్కింది.

ఉత్తరపు ఒడ్డున పోకతోటలోంచి వచ్చిన ముసలాయన తుళులో తడుముకోకుండా చెప్పాడు. “బైలుకడవు.”

మేఘశ్రీ కళ్లెగరేసింది. సనూప్ నది వైపు తిరిగాడు. దాటివచ్చిన ఒడ్డున వరిపొలాలు. ఈ ఒడ్డున, అతని వీపు వెనకే, గుడి.

“గుడి ఇక్కడుంది. మరి గుడి రేవు అక్కడేమిటి?”

ఆమె రెండు ఒడ్లనూ మార్చి మార్చి చూసింది. “మా ముసలి అజ్జి పొలానికి పోవాలంటే ఇక్కడ పడవెక్కుతుంది. మీవాళ్లు గుడికి రావాలంటే అక్కడ ఎక్కుతారు. ఎటు పోతామో ఆ పేరే!”

“అంటే రెండు రేవులకు ఒకే చుక్క పెట్టి కొట్టుకున్నాం!”

“మరి ఓడిందెవరు?”

“ఎవరూ కాదు. నేను వదలను.”

“పటాన్నా?”

“మీరు ఒప్పుకుంటే... మిమ్మల్ని కూడా.”

మేఘశ్రీ గొడుగు కొంచెం అతని వైపు జరిపింది. “ఇంట్లో నేను తుళే మాట్లాడతాను. ముందే చెప్తున్నా.”

“నేను మలయాళమే.”

“కూరలో ఉప్పు తక్కువైతే?”

“రెండు భాషల్లోనూ చెప్తాను.”

“చెప్పి చూడండి!”

పటంలో ఇప్పుడు రెండు రేవులున్నాయి. ప్రతి రేవుకూ ఆ ఒడ్డువారు పిలిచే పేరు ముందు, తక్కిన భాషల పేర్లు దాని కింద ఉన్నాయి. మరుసటి వేసవిలో, ఇరువైపుల పెద్దల ఎదుట, సనూప్, మేఘశ్రీ రిజిస్ట్రారు కచేరీలో సంతకాలు చేశారు. ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఆమె తుళులో మాట్లాడుతుంది, అతడు మలయాళంలో బదులిస్తాడు.