రెండు దీపాలు పెడితే

"దయ్యాలకి ఇంటర్నెట్ ఉంటుందటే?" అంది అక్క ఫోన్లో పగలబడి నవ్వుతూ.

మన బ్లాగరమ్మకి మాత్రం నవ్వు రాలేదు. ఉద్యోగం మానేసి, గుట్టమీద విడిగా ఉన్న ఇల్లు అద్దెకు తీసుకుని, 'ఒంటిచేత్తో' అని బ్లాగు మొదలుపెట్టింది. కరెంటు లేకుండా గడపడం, నీళ్లు వడపోసుకోవడం, ఎవరి సాయమూ లేకుండా బతకడం... అన్నీ రాసేసింది. చేసి చూసినవి మాత్రం బహు తక్కువ. చెప్పేవాళ్లకి వినేవాళ్లు లోకువని ఊరికే అన్నారా!

వినేవాడు ఒక్కడే. పేరు 'ఎదురుదీపం'. ప్రతి పోస్టు కిందా అదే కామెంటు: "చేశాను. బాగా పనిచేసింది."

ఒకసారి ఆపద సైగల గురించి రాసింది. కిటికీలో ఒక దీపం పెడితే క్షేమం, రెండు పెడితే సాయానికి రమ్మని. ఆ సాయంత్రం తన కిటికీలో ఒకటి పెట్టింది. లోయకి అవతల, ఎప్పుడూ చీకటిగా ఉండే ఇంట్లో ఒక దీపం వెలిగింది. ఫోన్లో కామెంటు: "మీ దీపం కనిపించింది."

తెల్లారగానే ఆ ఇంటి గురించి ఆరా తీసింది.

"ఆ ఇంట్లో ఎవరున్నారమ్మా!" అంది పాలు పోసే ఆమె. "ముసలావిడ పోయాక తాళమే. కిటికీలో దీపం పెట్టందే ముద్ద ముట్టేది కాదు పాపం."

అక్కకి ఫోన్ చేసింది అందుకే. నవ్వులపాలైంది.

చలి ముదిరింది. 'తలుపులూ కిటికీలూ బిగించి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోండి, హాయిగా నిద్రపడుతుంది' అని రాసింది. వెంటనే జవాబు: "ఈ సాయంత్రమే చేస్తాను."

ఈసారి తనూ చేసి చూద్దామనుకుంది. కాసేపటికే తల దిమ్మెక్కి, కాళ్లు తేలిపోయాయి. పడుతూ లేస్తూ బయటపడి, గుండెలనిండా గాలి పీల్చుకున్నాక అసలు భయం పట్టుకుంది. అయ్యో, అతను!

మెసేజ్ పెట్టింది, జవాబు లేదు. తలుపులన్నీ బార్లా తెరిచి, కిటికీలో రెండు దీపాలు పెట్టి, పొగమంచులోకి పరుగెత్తింది.

లోయ అడుగున ఒక వెలుగు ఊగుతూ ఎదురొచ్చింది. దాని వెనక మనిషి కనిపించలేదు. కొరివిదయ్యమే అనుకుని కొయ్యబారిపోయింది.

"ఏమైంది మీకు?" అంది వెలుగు, దగ్గుతూ. "రెండు దీపాలు పెట్టారు!"

లాంతరు వెనకనుంచి స్వెట్టరు తిరగేసి వేసుకున్న కుర్రాడొకడు బయటపడ్డాడు. ఈమధ్యే ఆ ఇంట్లో అద్దెకు దిగిన డ్రాయింగ్ మాస్టారట; పాలామెకి ఆ కబురింకా చేరలేదన్నమాట.

"నాకేం కాలేదు, మీకే అయ్యేది! ఆ కుంపటి మనిషిని చంపేస్తుంది. నేను రాసినవి సగం నేనే చెయ్యలేదండీ!" బావురుమంది.

"తెలుసు. మీరు చెప్పిన వడపోతలోంచి బురదే వచ్చింది."

"మరి బాగా పనిచేసిందని రాశారు?"

"మీరు రాయడం మానేస్తే? ఆ కిటికీలో దీపం ఆరిపోతే? దానికోసమే సాయంత్రందాకా కాచుక్కూర్చుంటానండీ."

అంత చలిలోనూ ఆమె చెంపలు వేడెక్కాయి.

"అదిసరే, మీరంత గట్టిగా తలుపు బాదకపోతే నేనా మత్తులోంచి లేచేవాణ్ణే కాదు. తీసేసరికి మీరు లేరు, మీ దీపాలు కనిపించాయి."

"నేనా? నేనింకా మీ ఇంటిదాకా రానేలేదే!"

ఇద్దరూ తలెత్తి అతని ఇంటివైపు చూశారు. కిటికీలో ఒక దీపం నిలకడగా వెలుగుతోంది.

"మీదేనా?"

"నాకున్నది ఈ లాంతరొక్కటే."

గాలి కూడా కదల్లేదు. ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టేసుకుంది.

"ఒకటే దీపం," అన్నాడతను గొంతు తగ్గించి. "అంటే... క్షేమమనేగా?"

"ఊఁ. నడవండి."

"ఒంటిచేత్తో అన్నారు, నా చెయ్యెందుకండీ?"

"నోరు మూసుకుని నడవండి మాస్టారూ!"

"ఎటు?"

"మా ఇంటికి. తలుపులన్నీ తెరిచే పెట్టాను."