వైన్ సీసాలో గాజుపొడి

"మేడమ్, నేనెవర్నీ చంపాలనుకోలేదు!"

తలుపు తీసీ తీయగానే విద్య నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. బూట్లకి మంచు అంటుకునే ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

శ్యామ్‌సుందర్ ఉలిక్కిపడి కాఫీ కప్పు కింద పెట్టాడు. కార్ల కంపెనీలో బ్రేకులు డిజైన్ చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు మిషిగన్‌లోని నోవై ఊళ్లో ప్రైవేట్ డిటెక్టివ్ రాధారాణికి కారు నడపడం, ఆమె అడిగింది వెతికి పెట్టడం, ఆమెను చూసి ఆశ్చర్యపోవడం ఆయన పనులు. మూడోదానికి జీతం లేదు. ఎక్కువగా చేసేది మాత్రం అదే.

"ఎవరు చచ్చారు?" అంది రాధారాణి.

"ఎవరూ చావలేదండీ."

"అయితే టైముంది. కూర్చుని చెప్పు."

విద్య చెప్పింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి వైన్ క్లబ్ పెట్టింది. ఉత్తర మిషిగన్‌లో చిన్న చిన్న ద్రాక్షతోటలకి తనే డ్రైవ్ చేసుకుంటూ వెళ్లి, రుచి చూసి, నచ్చినవి ఎంచి నెలనెలా ఆరు సీసాల పెట్టె పంపుతుంది. ప్రతి సీసాకీ ఓ కార్డు. గుత్తివంకాయకి ఏ వైన్ పడుతుందో, గోంగూర మటన్‌కి ఏది పనికిరాదో అందులో తెలుగులో రాస్తుంది. పెద్ద కంపెనీలు కోట్లు పోసి ప్రకటనలు ఇస్తాయి గానీ, మన వంకాయని పట్టించుకున్న నాథుడు ఇంతవరకూ లేడు.

"అనూప్ అని, ట్రయల్ బాక్స్ తీసుకున్నాడు. మొన్న శనివారం ఫ్రెండ్స్‌ని పిలిచి ఓపెన్ చేశాడు. జగదీష్ అనే ఆయన గ్లాసు లైటు కింద పెట్టి, అడుగున గాజుపొడి ఉందని అరిచాడు. వీడియో తీసి తెలుగు గ్రూపులో పెట్టాడు. సగం మంది క్యాన్సిల్ చేసేశారు. ఇవాళో రేపో కంప్లైంట్ ఇస్తామంటున్నారు. లైసెన్స్ పోతే నా క్లబ్ మూసెయ్యడమే."

"నీ మీద కోపమున్నవాళ్లు?"

"ఆ జగదీషే. పార్ట్‌నర్‌గా చేరతానంటే వద్దన్నాను."

కేసు తేలిపోయిందనుకున్నాడు శ్యామ్‌సుందర్. ప్రతి కేసులోనూ ఆయనకి ఇక్కడే తేలిపోతుంది.

అనూప్ ఇల్లు కొత్తది. గరాజ్‌లో కూడా హీటర్ నడుస్తోంది. లోపల నాలుగు రోజుల కిందటి సత్యనారాయణ వ్రతం అగరొత్తుల వాసన ఇంకా పోలేదు. అనూప్ తల్లి డాక్టర్ ప్రమోద, పిల్లల డాక్టరుగా ఈ ఊళ్లోనే రిటైరైంది, సోఫాలో కూర్చుని స్టీల్ గ్లాసులో ఏదో తాగుతోంది.

"ఐరన్ టాబ్లెట్ వేసుకున్నానమ్మా. తెల్లద్రాక్ష రసంతో అయితే బాగా ఒంటబడుతుంది," అంది ఎవరూ అడక్కుండానే.

అనూప్ పెట్టె తెచ్చాడు. రాధారాణి సీసాలు ఒక్కొక్కటీ తీసి మెడ మీద వేలు పెట్టి చూసింది. మూత మీద రేకు ఉబ్బి ఉంది. లోపల బిరడా కొంచెం పైకి లేచింది. అట్టపెట్టె అడుగు ఎప్పుడో తడిసి, ఎండి, అలలు తేలింది. పక్కన పసుప్పచ్చటి వేలిముద్ర.

"ఇందులో అయిదే ఉన్నాయేం?"

"అయిదే వచ్చాయి ఆంటీ."

"విద్య ఆరంటోంది."

"అదొక చీటింగ్ మళ్లీ!" మధ్యలో దూరాడు, అప్పటికే సోఫా పక్కన కూర్చుని ఉన్న జగదీష్. "నేను చెప్తూనే ఉన్నాను కదా, ఆ అమ్మాయిని నమ్మొద్దని!"

"మీరు గాజుపొడి ఎక్కడైనా చూశారా ఇంతకుముందు?"

"చూడాలా ఏంటండీ? మెరుస్తోంది, గట్టిగా ఉంది. ఇంకేముంటుంది?"

"పెట్టె ఎక్కడ దాచారు?"

అనూప్ నసిగాడు. "బేస్‌మెంట్‌లో... బియ్యం బస్తాల వెనకాల." గొంతు తగ్గించాడు. "శనివారం దాకా అమ్మకి తెలీదు."

"నాకు తెలుసు, ఇష్టం లేదు కూడా," అంది భార్య ఉష. "కానీ నేను ముట్టుకోలేదు. వ్రతం రోజు పొద్దున్నుంచీ పంతులుగారిని తీసుకురావడం, పూలు, పళ్లు, అన్నీ నా డ్రైవింగే."

"శనివారం జగదీష్ అరిచినప్పుడు మీరందరూ ఏం చేశారు?"

"నేను నోరు కడుక్కోడానికి పరిగెత్తాను. ఉష ఏడ్చింది. అమ్మ పైనుంచి దిగి వచ్చింది, విషయం చెప్పాం," అన్నాడు అనూప్.

"విని ఏమంది?"

"పులిహోర ఎవరికైనా కావాలా అంది."

బయటికి వచ్చాక రాధారాణి ఇంటి వెనక అరుగులాంటి చెక్క డెక్ చూసింది. మోకాలి లోతు మంచు. ఒక మూల మాత్రం చతురస్రంగా గుంట పడి, దాని మీద కొత్త మంచు పల్చగా కురిసి ఉంది. దారిలో విద్య దగ్గర అదే తోట వైన్ రెండు సీసాలు తీసుకుంది. ఒకటి ఆఫీసు కిటికీ బయట మంచులో పాతింది. రెండోది తెరిచి శ్యామ్‌సుందర్‌కి పోసింది.

జీవితమంతా విస్కీ తాగిన మనిషి ఆయన. ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. పచ్చి జామకాయ, తడిమట్టి, చివర్న నాలుక మీద సన్నటి పులుపు. కార్డు తీసి చదివాడు: పెసరట్టుతో తాగండి, నవ్వేవాళ్లని నవ్వనివ్వండి.

"మేడమ్, ఈ అమ్మాయి మోసం చేసే రకం కాదు."

"అది రుజువు కాదు శ్యామ్‌సుందర్‌గారూ." తన గ్లాసులో కూడా ఒక చుక్క పోసుకుంది. "కానీ నిజం."

మంచులో సీసా తన పని తాను చేసుకున్నాక, రాధారాణి అందర్నీ అనూప్ హాల్లో కూర్చోబెట్టింది. విద్య ఒక మూల, జగదీష్ ఇంకో మూల, ప్రమోద సోఫాలో తన స్టీల్ గ్లాసుతో. బల్ల మీద అనూప్ సీసా, మంచులోంచి తీసిన సీసా, సలసలా మరిగే నీళ్ల గిన్నె.

రెండు సీసాల అడుగునా ఒకే మెరుపు.

"ఇది నేనే కిటికీ బయట పెట్టాను. గాజు ఎవరూ కలపలేదు." అనూప్ సీసాలోంచి పలుకులు తీసి వేడినీళ్లలో వేసి తిప్పింది. కరిగిపోయాయి. "గాజు కరుగుతుందా జగదీష్‌గారూ?"

ఇంకో పలుకు నోట్లో వేసుకుంది. ఉష కెవ్వుమంది. "పులుపు. మన చింతపండులో ఉండే పులుపే. ద్రాక్షలో పుట్టిందే. వైన్ గడ్డకట్టేంత చల్లబడితే ఇలా పలుకు కడుతుంది. గడ్డ ఉబ్బి బిరడాని పైకి నెడుతుంది. ఈ సీసాలు మంచులో ఉన్నాయి. గరాజ్ వెచ్చగా ఉంది, కాబట్టి గరాజ్ కాదు. డెక్ మీద పెట్టె సైజు గుంట ఉంది. ఎందుకు పెట్టారు? ఇంట్లో వ్రతం, దేవుడున్న ఇంట్లో మందు ఉండకూడదని. ఎవరు పెట్టారు? పెట్టె మీద పసుపు వేలిముద్ర ఉంది. పసుపు గణపతిని చేసిన చెయ్యి."

ఉష తల అత్తగారి వైపు తిప్పింది. అనూప్ తల కూడా అటే తిరిగింది.

"పిల్లలకి జలుబు చేస్తేనే కంగారుపడే పిల్లల డాక్టరు, కొడుకు గాజు మింగాడంటే పులిహోర కావాలా అని అడుగుతుందా?" రాధారాణి చెయ్యి చాపింది. "మేడమ్, మీ స్టీల్ గ్లాసు ఒకసారి ఇస్తారా?"

ప్రమోద గ్లాసు ఇచ్చింది. అడుగున అవే పలుకులు, నక్షత్రాల్లా.

"బిరడా ఊడొచ్చిన ఆరో సీసా," అంది రాధారాణి. "మీరు తాగుతూనే ఉన్నారు, మీకేం కాలేదు. అందుకే భయపడలేదు."

"అమ్మా! నువ్వా?" అన్నాడు అనూప్.

"బియ్యం నేను తీయనట్రా రోజూ?" అంది ప్రమోద. "పారబోయడం ఎందుకని ఒక చుక్క చూశాను. బాగుంది. చాలా బాగుంది. చెప్తే ఈ వయసులో ఇదేంటని నలుగురూ..."

"ఆ నలుగురి కోసం ఈ పిల్ల బతుకు బుగ్గి చేశారు," అంది రాధారాణి. గొంతు పెంచలేదు. అందుకే గట్టిగా తగిలింది. "కొడుకు తల్లికి తెలీకుండా, తల్లి కొడుకుకి తెలీకుండా, ఇద్దరూ ఒకే సీసా. మధ్యలో నేరం విద్యది. ఈ ఊళ్లో మన పరువులన్నీ ఇలా ఎవరో ఒకరి నెత్తిన కూర్చునే నిలబడుతున్నాయి."

జగదీష్ ఫోన్ జేబులో దాచుకోబోయాడు.

"ఆగు బాబూ," అంది ప్రమోద. కళ్లు తుడుచుకుంది. "ఆ వీడియో పెట్టిన గ్రూపే తియ్యి. నేను మాట్లాడతాను, రికార్డ్ చెయ్యి."

"ఆంటీ, గ్రూపులో అందరూ ఉంటారు. పంతులుగారు కూడా..."

"ఉండనీ. తియ్యమన్నానా!"

జగదీష్ తీశాడు. ఆమె నిటారుగా కూర్చుంది, పేషెంట్ తల్లికి మందు చెప్పే గొంతుతో మొదలుపెట్టింది.

"నేను డాక్టర్ ప్రమోదని. సీసాలు మంచులో పెట్టింది నేను. అందులో గాజు లేదు. నాకెలా తెలుసంటే, ఒక సీసా మొత్తం నేనే తాగాను. విద్య తప్పేం లేదు. మాట్లాడాల్సిన రోజు మాట్లాడకపోవడం నా తప్పు."

వీడియో గ్రూపులోకి వెళ్లిన దగ్గర్నుంచీ ఫోన్ టింగుమంటూ మోగుతూనే ఉంది. ఎవరూ చూడలేదు. విద్య రెండు చేతుల్లో మొహం దాచుకుంది. శ్యామ్‌సుందర్ రాధారాణినే చూస్తున్నాడు, ఎప్పటిలాగే. ఈసారి ఆమె మాత్రం ప్రమోదని అదే చూపుతో చూస్తోంది.

"విద్యా," అంది ప్రమోద, రాధారాణి చేతిలోంచి స్టీల్ గ్లాసు తీసుకుని బల్ల మీద పెట్టి. "నెలనెలా పెట్టె నా పేరు మీద రాసుకో. డెలివరీకి పెద్దవాళ్ల సంతకం కావాలట కదా? పగలు ఇంట్లో ఉండేది నేనే. గుమ్మంలో నిలబడి, అందరూ చూస్తుండగా పెడతాను."

కోడలి వైపు తిరిగింది.

"ఉషా, రేపు పెసలు నానబెట్టమ్మా."