అమ్మకో గడియ

కాస్త ఆగండి, వినండి. ఇప్పుడు కిర్రుమన్నది తలుపు కాదు, హాలు! పైన కంట్రోల్ గదిలో ఇందుజ తన తెరమీద వేలు జరిపినకొద్దీ హాలు పైకప్పు మెల్లగా కిందికి దిగుతోంది. కింద నిలబడ్డ ప్రేక్షకుల్లో ఒకాయన తనకు తెలియకుండానే తల వంచుకున్నాడు. ప్రేక్షకుల గుండెదడ చూపే నాడిరేఖ తెరమీద ఒక్కసారి పైకి లేచింది.

"దిగులు పట్టేసింది. ఇంకొంచెం దించవే, ఏడ్చేస్తారు" అన్నాడు పక్క సీట్లో ఉన్న సహోద్యోగి బాబ్జీ.

"నీ చేతికిస్తే ఏడవరు, బొప్పి కడుతుంది."

నడకబొమ్మంటే ఇదే. సినిమాహాల్లోలా తెర ఉండదు, కుర్చీలుండవు. టికెట్ కొన్నవాళ్లు కథ జరిగే ఇంట్లోనే, నటుల మధ్యే తిరుగుతారు. మెత్తగోడలు ముడుచుకుంటే గుండె బరువెక్కుతుంది, విచ్చుకుంటే తేలికపడుతుంది. ఏ గోడ ఎప్పుడు కదలాలో సూత్రి అనే కృత్రిమ మేధ చెబుతుంది, ఇందుజలాంటి గృహదర్శకులు కదుపుతారు. సూత్రి వందేళ్ల సినిమా ఇళ్లన్నీ చూసి నేర్చుకుంది. అందుకే అది గీసే ప్రతి ఇంట్లోనూ నాన్న దిగి రావడానికి మేడమెట్లు, హీరోకి డాబా, అమ్మకి వంటగది గుమ్మం. అమ్మ మాట్లాడేదీ అక్కడే, కొంగు నోట్లో కుక్కుకునేదీ అక్కడే.

రిహార్సల్లో అమ్మ వేషం వేస్తున్న భ్రమరాంబగారు ఇల్లంతా కలియదిరిగి ఒక్కటే అడిగారు. "ఏమ్మా, ఇంత కొంపలో నాకు ఏడుపొస్తే ఎక్కడికెళ్లి ఏడవాలి?"

ఇందుజ నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. ఆ సాయంత్రమే వంటగది పక్కన చిన్న గది గీసి, 'అమ్మకో గడియ కావాలి' అని రాసి సూత్రికి పంపింది. సూత్రి గడియంటే కాలమనుకుంది! ఇరవై నాలుగు నిమిషాలు మంజూరు చేసింది. వడ్రంగికి మాత్రం సరిగ్గానే అర్థమైంది, తలుపుకి లోపలివైపు ఇత్తడి గడియ బిగించి వెళ్లాడు. సూత్రి పెట్టిన షరతు ఒకటే. మొదటి ఆటలో ఆ తలుపు దగ్గర ఒక్క ప్రేక్షకుడైనా చివరిదాకా మిగలకపోతే, అలాంటి గది ఇక ఏ బొమ్మలోనూ ఉండదు.

ఇవాళే మొదటి ఆట.

"నీకేం తెలుసు, నోర్ముయ్!" హాల్లో కొడుకు అమ్మమీద అరిచాడు. స్క్రిప్టు ప్రకారం అమ్మ ఆ గదిలోకెళ్లి ఏడ్చి, కళ్లు తుడుచుకొచ్చి అందరికీ వడ్డించాలి. భ్రమరాంబగారు వెళ్లారు. గడియ వేసుకున్నారు. బయటికి రాలేదు.

"ఏమైందమ్మా ఆవిడకి?" ఇందుజ ఇయర్‌ఫోన్‌లో డైరెక్టర్ కుటుంబరావు కేకేశాడు. "పిలువు!"

"భ్రమరాంబగారూ, బానే ఉన్నారా?" ఆవిడకు మాత్రమే వినపడేలా అడిగింది ఇందుజ.

"బానే ఉన్నానమ్మా. ఇన్ని సినిమాలు చేశాను, నాకో గదివ్వడం ఇదే మొదలు. కాసేపు ఉండనీ."

జనం తలుపు ముందు మూగారు. ఒకాయన కొట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నాడిరేఖ లేవలేదు, పడలేదు, సన్నగా వణుకుతూ ఉండిపోయింది. బాబ్జీ తెరలోకి తల దూర్చినంత పని చేశాడు.

"ఇదేం గీతే? భయమా, దిగులా?"

"ఈ రేఖకు నా దగ్గర పేరు లేదు" అంది సూత్రి. నిమిషాలు గడిచాయి. "మంజూరైన గడియ ముగిసింది. గోడ కరిగించమంటారా?"

"కరిగించెయ్!" అన్నాడు కుటుంబరావు. "ఆవిడ ఏడుపు జనం చూడొద్దా?"

బాబ్జీ వేలు అప్పటికే మీటమీద ఉంది. ఇందుజ దాన్ని పక్కకు తోసేసింది.

"ఆవిడ తీస్తేనే సార్ తలుపు."

'వద్దు' నొక్కింది. సూత్రికి ఆ జవాబు ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు. అది తనంతట తానే భోజనాల గది తెరిచింది. వెలుతురు, ఉలవచారు వాసన, కొడుకు నవ్వు. కథ అక్కడ సాగిపోతోంది. జనం ఒకరి వెనక ఒకరు అటు జారుకున్నారు.

తలుపు ముందు ఒక్కరే మిగిలారు. గదిలోంచి ఏదో చప్పుడు వస్తోంది. ఏడుపో, నవ్వో, కూనిరాగమో తేలడం లేదు.

ఆ ఒక్కరూ మీరే అనుకోండి. ఇందుజ ఇక ఏ గోడా కదపదు, మీకు దారి చూపదు. ఎటు వెళ్తారు?