పసుపులో చిక్కిన వెంట్రుక

బీప్... బీప్... అని మ్యూజియంలో అలారం మోగింది. ఒడెస్సా చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

అసలు తప్పంతా ఆ బొమ్మదే! గోడంత బొమ్మ. అందులో మనిషి లేడు, చెట్టు లేదు, అంతా పసుపే. కేకు మీద క్రీములా మందంగా పూసిన రంగు. ఎంత బాగుందో! చూసింది చాలక, ఒడెస్సా వేలు దానంతటదే ముందుకు వెళ్లింది.

నాలుగో తరగతి పిల్లలంతా పక్కనున్న డెస్మండ్ వైపు చూశారు. పొద్దున బస్సులో చిప్స్ విసిరింది వాడే మరి.

"చేతులు వెనక్కి పెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పాను, డెస్మండ్?" అంది టీచర్ మిస్ ట్రెవీనో. "ఇక నువ్వు పైకి రానక్కర్లేదు. కింద కోట్లు తగిలించే గది దగ్గర కూర్చో."

"నేను కాదు మిస్! ఒట్టు!"

"ఎప్పుడూ ఇదే పాట!" అని ఎవరో కిసుక్కుమన్నారు.

పై అంతస్తులో గాలికి తిరిగే పెద్ద రేకుల బొమ్మ ఉంది. దాన్ని చూడాలని డెస్మండ్ నెల రోజులుగా కలవరిస్తున్నాడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒడెస్సా ఒక అడుగు ముందుకేసింది.

"మిస్... నేనే. ముట్టుకోబోయింది నేనే. కిందకి నేను వెళ్తా."

మిస్ ట్రెవీనో డెస్మండ్ భుజం మీద చెయ్యి వేసింది. "అడక్కుండానే నిన్ను అనేశాను. సారీ, నాన్నా. ఇద్దరూ పైకి రండి."

ఇంతలో గార్డు లవెల్ దగ్గరికొచ్చాడు. తిడతాడేమోనని ఒడెస్సా తల దించుకుంది.

"అంత నచ్చిందా తల్లీ?" అన్నాడాయన. "ఇరవై ఏళ్లుగా దీని పక్కనే నిలబడుతున్నా. నాకూ రోజూ చెయ్యి ఉరుకుతుంది. ఇలా పక్కకొచ్చి, వంగి చూడు."

పక్క నుంచి చూస్తే పసుపంతా కొండలూ లోయలూ! ఓ లోయలో సన్నటి వెంట్రుక.

"బొమ్మ వేసినావిడ కుంచెది. అరవై ఏళ్ల కింద ఊడి, అక్కడే అతుక్కుపోయింది. వచ్చినవాళ్లందరూ తలో చెయ్యీ వేస్తే మిగిలేదా?"

ఒడెస్సా చాలాసేపు కదల్లేదు. తర్వాత లేచి చోటిచ్చింది. "డెస్మండ్, సారీరా. రా, నువ్వూ చూడు."

"ఏదీ? నాకేం కనబడట్లేదే!"

చూపించబోయి ఒడెస్సా చెయ్యి సగం లేచింది. టక్కున ఆగింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గడ్డంతో చూపించింది.

"అదిగో, ఆ పెద్ద కొండ కింద."

"అబ్బో... కనబడింది!" అన్నాడు డెస్మండ్. వాడి చేతులూ వీపు వెనకే ఉన్నాయి.