క్లచ్ మీద రెండు వేళ్ళు

…మరి పొగేది? నీలంగా, ముక్కుకు కొంచెం తియ్యగా తగలాల్సిన ఆ పొగేది? మోటారుసైకిల్ మీద కొండ మలుపు తిరుగుతూ రోస్విటా ఇదే ఆలోచిస్తోంది. కానీ ఆలోచన తిన్నగా సాగడం లేదు. పొద్దున కాఫీ తాగుతూ భర్త ఎకెహార్ట్ అన్న మాట అడ్డం పడుతోంది. "ఇవాళ బండికేమైనా అయితే ఇక మనకొద్దు రోజీ. తమ్ముడికి ఇచ్చేస్తాను." ఆ బండి ఆమె నాన్నది. చోపావ్ లోయలోని కార్ఖానాలో ఆ ఇంజన్లు బిగిస్తూనే ఆయన ముసలివాడయ్యాడు. పెళ్ళయినప్పటి నుంచీ దానిమీద ఆమెది వెనక సీటే. బయల్దేరే ముందు ఎకెహార్ట్ వంగి, వెనక కూర్చునేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే ఫుట్‌రెస్టులు దించేవాడు, ఆమె ఎక్కేది. ఆయన చేతులకు వణుకు వచ్చాకే, ఈ పాత బండ్ల పందెంలో హ్యాండిల్ ఆమెకు దక్కింది. భర్త జబ్బు తనకు వరమైందన్న సంగతి ఎవరితో చెప్పుకుంటుంది...

అప్పుడే ఇంజను గొంతు మారింది. ఎండిన నోటితో ఈల వేసినట్టు సన్నగా... టూ స్ట్రోక్ బండి నడిపేవాళ్ళ రెండు వేళ్ళు ఎప్పుడూ క్లచ్ మీదే ఉండాలనేవాడు నాన్న. పిస్టన్ బిగిసి పట్టేసే ముందు ఇంజను ఒక్కసారే చెబుతుంది, విన్నవాడు ఇంటికొస్తాడు. ఆమె ఏమీ ఆలోచించలేదు. వేళ్ళే క్లచ్ నొక్కేశాయి. ఇంజను ఆగింది గాని చక్రం బిగుసుకోలేదు. బండి మెల్లగా గడ్డి అంచుకు దొర్లింది.

ట్యాంకు మూత తీసి, వేలు ముంచి రుద్దుకుంది. జిడ్డు లేదు. పెట్రోలు ఆరిపోయి వేలు పొడిగా మిగిలింది. పెట్రోల్లో ఆయిల్ కలపలేదు! పొగ రానిది అందుకే.

కలపాల్సింది ఎకెహార్ట్. పాత బండ్ల క్లబ్బులో అందరి బండ్లకూ పాళ్ళు చూసి కలిపేది ఆయనే. చేతులు వణికే మనిషికి మిగిలిన ఒక్క మర్యాద అది.

బండిని వాలులో జార్చుకుంటూ కిందికి వచ్చేసరికి మరిది ఫోల్క్‌మార్ సాసేజి నములుతూ ఎదురయ్యాడు.

"ఏం వదినా, సగం కొండకే చాలనిపించిందా? ఆయిల్ కలపడం గాని మర్చిపోయావా ఏంటి?"

చుట్టూ నవ్వులు. ఎకెహార్ట్ నవ్వలేదు. ఆమె చెప్పేసింది. "అవును. పొద్దున నేనే నింపాను. మర్చిపోయాను."

చెప్పాక గుండె తేలికపడలేదు. ఇది త్యాగమా, లేక ఈ మనిషిని జన్మంతా తనకు రుణపడేలా కట్టేసుకోవడమా? తన మంచితనం మీద తనకే నమ్మకం లేకపోవడం ఎంత ఒంటరితనం... పైగా ఈ అబద్ధానికి ఖరీదు నాన్న బండి.

"చూశావా అన్నయ్యా," అన్నాడు ఫోల్క్‌మార్. "రేపే వచ్చి తోలుకుపోతా."

ఎకెహార్ట్ ట్యాంకులో వేలు ముంచాడు. చాలాసేపు రుద్దాడు. తర్వాత కోటు జేబులోంచి ఆయిల్ సీసా తీశాడు. మూత కూడా విప్పని నిండు సీసా.

"నీకు అబద్ధం చేతకాదు రోజీ," అన్నాడు. తర్వాత అందరికీ వినబడేలా అన్నాడు. "నింపింది నేను. మర్చిపోయిందీ నేనే. ఒరే ఫోల్క్‌మార్, నువ్వయితే క్లచ్ అందుకునేవాడివా?"

ఫోల్క్‌మార్ మెడ గోక్కున్నాడు. "నిజం చెప్పాలంటే... ఈపాటికి నా పళ్ళు రోడ్డు మీద ఏరుకుంటూ ఉండేవాళ్ళం."

ఈసారి నవ్వుల్లో ఎకెహార్ట్ కూడా కలిశాడు. కిక్కు మీద చెయ్యి పెట్టి మెల్లగా నొక్కి, చెవి ఆనించి విన్నాడు. "పట్టెయ్యలేదు. బతికే ఉంది."

ఆయన ఆయిల్ పోస్తుంటే చెయ్యి వణికి సగం ప్యాంటు మీద ఒలికింది. రోస్విటా ఆ చెయ్యి పట్టుకోలేదు. కావలసినంతా పడేదాకా ఆగింది. తర్వాత ఇద్దరూ చెరోపక్క పట్టుకుని, ఉయ్యాల ఊపినట్టు బండిని ఊపి కలిపారు.

మధ్యాహ్నం రెండో విడతలో నీలిపొగ ఆమె వెనకాల కొండంతా పరుచుకుంది. ఇంజను నిండు గొంతుతో పాడింది. మలుపులన్నీ ఒక్కొక్కటే వచ్చి ఆమెకు దారిచ్చాయి. శిఖరం దగ్గర జనం టోపీలు ఊపుతుంటే ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో హెల్మెట్‌కే తెలుసు.

తమ్ముడి కారులో ఎకెహార్ట్ పైకి వచ్చాడు. బండి పక్కన నిలబడి, ఎటో చూస్తూ అన్నాడు. "ఇది నీదే రోజీ. ముందునుంచీ నీదే. ఇవ్వడానికి నేనెవర్ని..."

 

రోస్విటా వంగి, వెనక మడిచి ఉన్న ఫుట్‌రెస్టులు రెండూ ఆయన కోసం కిందికి దించింది.